నీట పడిన తాళపుచెవి, తడిసిన సెల్‌ఫోను

రైతు పొలమునకు పోవునప్పుడు సద్దిమూటతోపాటు నేడు మరికొన్ని వస్తువులు గూడ వెంట పోవుచున్నవి. చొక్కాజేబులో సెల్‌ఫోను ఉండును. కారు గలవారికి మొలలోనో జేబులోనో దాని రిమోటు తాళపుచెవి ఉండును. వంగి గట్టు చెక్కునప్పుడు గాని, కాలువలో దిగి తూము సవరించునప్పుడు గాని, నారుకట్టలు విసరునప్పుడు గాని యివి జారి నీటిలో పడుట ప్రతి ఖరీఫునందును మేము చూచుచున్న విషయమే. ఇంటియందైతే చొక్కాతోపాటు తాళపుచెవి గూడ చాకిరేవునకో, బట్టలు ఉతుకు యంత్రములోనికో పోవుచుండును.

పోయినది చిన్న వస్తువే గదా యనుకొనరాదు. సెల్‌ఫోను చెడినయెడల బ్యాంకు నుండి వచ్చు సందేశములు నిలిచిపోవును. పి.ఎం. కిసాన్ సొమ్ము కొరకు చేయవలసిన ఇ-కె.వై.సి. మొదలు ఖాతాలో సొమ్ము కదలించుట వరకు అనేక పనులు నేడు ఆ ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అంకెల మీదనే నడచుచున్నవి. కారు తాళపుచెవి చెడినయెడల, మామూలు తాళమునకు వలె సంతలో మారుచెవి చేయించుకొనుటకు వీలు లేదు. క్రొత్త తాళపుచెవి యొక్క గుర్తును బండిలోని యంత్రమునకు నేర్పవలసియుండును. అందులకు షోరూమునకు గాని, ఆ పని తెలిసిన పనివాని యొద్దకు గాని పోవలయును. ఖర్చు తరచుగా వేలలో నుండును. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవలసిన రాత్రి యీ సంగతి తెలిసికొనుట కంటె ముందుగా తెలిసికొనియుండుట మేలు.

ఈ వ్రాతకు కారణమైన రెండు తాళపుచెవులను గూర్చి చెప్పెదను. రెండును ఒకే గ్రామమున, ఒకే బోదెలో, నెల దినముల వ్యవధిలో పడినవి. మొదటి రైతు దానిని తీసి పంచెకొంగుతో తుడిచి, పనిచేయునో లేదో చూతమని మీటను ఐదారు మారులు నొక్కెను. గట్టుమీది కారు కూతపెట్టి తలుపు తెరచుకొనెను. ఆయన సంతోషించి తాళపుచెవిని జేబున వేసికొని పనిలో పడెను. మూడవనాడు ఎంత నొక్కినను కారు పలుకలేదు. విప్పి చూడగా లోపలి రాగి గీతలలో నొకటి పచ్చని చిలుముగా మారి తెగిపోయియుండెను. రెండవ రైతు, తన కుమారుడు పట్టణమున ఫోనులు బాగుచేయు పని నేర్చినవాడగుటచే, గట్టు మీదనే రూపాయి నాణెముతో పెట్టెను విప్పించి లోపలి బ్యాటరీని తీసివేసెను. మీటను ముట్టలేదు. అది నేటికిని పనిచేయుచున్నది. నీరు ఒక్కటే, పడియున్న కాలమును ఇంచుమించు ఒక్కటే. ఆ తరువాతి అరగంటలో ఇద్దరు చేసిన పనిలోనే భేదము కలదు.

కారణము నెరిగినచో ఏమి చేయవలెనో ఎవరును చెప్పకయే తోచును గనుక దానిని కొంచెము విపులముగా వ్రాయుచున్నాను. తాళపుచెవి పెట్టెలో పచ్చనిదో నల్లనిదో ఒక చిన్న పలక ఉండును. దానిమీద తలవెండ్రుకల వంటి సన్నని రాగి గీతలు ఒకదాని ప్రక్కన ఒకటి పోవుచుండును. వాటిలో కొన్నిటికి బ్యాటరీ యొక్క ధనకొనయు, కొన్నిటికి ఋణకొనయు తగిలియుండును. మిక్కిలి శుద్ధమైన నీరు విద్యుత్తునకు అంతగా దారి యీయదు. కాని కాలువనీటిలోను, బోరునీటిలోను లవణములు కరగియుండును. అట్టి నీరు రెండు గీతల నడుమ నిలిచినప్పుడు విద్యుత్తు దాని గుండ పారుచు, ధనకొన వైపునున్న రాగిని కరగించి రెండవ వైపునకు మోసికొనిపోవును. కొంత రాగి చిలుముగా మారి మధ్యనే పేరుకొనును. ఇత్తడి సామానునకు నికెలు పూత పూయు కర్మాగారములలో కోరి చేయించు పని యిచ్చట కోరకయే జరుగుచున్నదన్న మాట. ట్రాక్టరు బ్యాటరీ కొనల మీద తెల్లగను పచ్చగను పొడి పేరుకొనుట మన రైతులందరును చూచినదే. అచ్చట ఆమ్లపు ఆవిరి చేయు చెరుపు వ్రేలెడు లావు లోహము మీద కాన, నెలలు పట్టును. ఇచ్చట లోహము వెండ్రుక మందము గనుక గంటలలోనో దినములలోనో ముగియును.

కావున మొదటి పని బ్యాటరీని తీయుట. అది తీసినచో యీ రాగి కరగు పని చాలవరకు ఆగిపోవును. రెండవది, లోపల చేరిన లవణమును బురదను కడిగివేయుట. అవి యుండగా నీరు మాత్రము ఆరిపోయినచో, ఆ లవణము పలకమీదనే మిగిలి, ముసురు పట్టినప్పుడెల్ల గాలిలోని తేమను పీల్చుకొని మరల పని మొదలుపెట్టును. మూడవది, పూర్తిగా ఆరువరకు ఓపికపట్టుట. తడిసినదానిని మరల నీటితో కడుగుట యేమని చాలమంది నవ్వుదురు. బురదకాళ్లతో వచ్చిన మనిషి కాళ్లు ఆరువరకు కూర్చుండునా, కడుగుకొని లోనికి వచ్చునా?

నీళ్లన్నియు ఒక్కవిధముగా చెరుపవు. వాననీటిలో లవణము మిక్కిలి తక్కువ. వానలో తడిసిన వస్తువు బ్రతుకుటకు అవకాశ మెక్కువ. బోరునీటిలోని లవణములు కుండలకు తెల్లని పొరగా పట్టుట ప్రతి ఇంట చూచెదము. పలకమీదను అట్లే పట్టును. ఎరువు చల్లిన మడిలోని నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. పొటాషు, డి.ఎ.పి. అనునవి లవణములే. యూరియా కరగినంతమాత్రమున విద్యుత్తునకు పెద్దగా దారి యీయదు గాని, పొలములో అది అమ్మోనియాగా మారును. అమ్మోనియా రాగిని తినివేయును. తీరమునందలి రొయ్యల చెరువుల ఉప్పునీరు ఇంకను చెడ్డది. సముద్రపు నీటిలోనైతే లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము కలదు. అందు పడిన వస్తువును గంటలలోపుననే కడుగవలెను. టీ, కొబ్బరినీళ్లు, కల్లు మొదలగు వానిలో లవణముతోపాటు చక్కెర గూడ ఉండుటచే ఆరిన పిమ్మట మీటలు జిగురు పట్టి అంటుకొనును. సబ్బునీటిలోని క్షారమును అట్లే కడిగి తీయవలసినదే. పురుగుమందు కలిపిన నీటిలో పడినదానిని చేతులకు తొడుగులు లేక విప్పరాదు.

చెమటను గూడ ఈ జాబితాలో చేర్చవలెను. మొలలో దోపుకొన్న ఫోను ఏ నీటిలోను పడకయే పాడైనదని చెప్పువారు కలరు. చెమట ఉప్పునీరే. వేసవిలో దినమంతయు ఒంటికి అంటియున్న ఫోనునకు ఛార్జింగు పెట్టు రంధ్రము పచ్చబారియుండుట నేను పలుమారులు చూచితిని.

ఇక తాళపుచెవిని విప్పు విధము. పెట్టె అంచున ఒకచోట చిన్న గాడి ఉండును. కొన్నిటిలో ముందుగా లోపల దాగియున్న ఇనుప తాళపుచెవిని బయటకు లాగిన తరువాత గాని ఆ గాడి కనుపడదు. దానిలో నాణెమునో, కొనకు గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరునో ఉంచి మెల్లగా త్రిప్పినచో పెట్టె రెండు దళములుగా విడిపోవును. బలము ఉపయోగింపవలదు. మరలు ఉన్నయెడల ముందుగా వానిని తీయవలయును. లోపల నాణెము వంటి బిళ్ల బ్యాటరీ కనుపడును. అనేక కార్ల తాళపుచెవులలో ఉండునది సి.ఆర్. 2032 అను రకము. అది 3 వోల్టులది. 20 అనగా అడ్డుకొలత 20 మిల్లీమీటరులు, 32 అనగా మందము 3.2 మిల్లీమీటరులు. 2025, 2016, 1620 అను రకములును కలవు. అంకెల అర్థమును అదే విధముగా గ్రహింపవచ్చును. తీయుటకు ముందు ధనచిహ్నము ఏ వైపునకున్నదో గురుతుంచుకొనవలెను. తడిసిన బిళ్లను మరల వాడుట నాకు సమ్మతము కాదు. ఒక బిళ్ల కొరకు వేల రూపాయల వస్తువును పందెము పెట్టుట తగదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి. తీసిన బిళ్లను గూటిలోనో కిటికీమీదనో ఉంచరాదు. పసిపిల్లలు దానిని మ్రింగినచో గొంతుక్రింది అన్నవాహికలో చిక్కుకొని, రెండు గంటలలోనే లోపల కాల్చి పుండు చేయగలదు. ప్రాణములు పోయిన సందర్భములును కలవు. మ్రింగినదని అనుమానము కలిగినను, బిడ్డ బాగుగనే యున్నదని ఆగక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. పాత బిళ్లకు రెండు వైపుల టేపు అంటించి పిల్లల చేతికి అందని చోట దాచి, పాత బ్యాటరీలు తీసికొను దుకాణమున ఇచ్చివేయవలెను, నిప్పులో వేయరాదు.

బ్యాటరీ తీసిన పిమ్మట పలకను, రబ్బరు మీటలను, పెట్టె దళములను వేరుపరుపవలెను. కొన్ని తాళపుచెవులలో పెట్టె మూలన చిన్న నల్లని ముక్కయో గాజుపుల్ల వంటిదియో అమర్చియుండును. అది పనికిరాని చెత్త యని పారవేయవలదు. బండి ఇంజనుకు ‘ఇది నా తాళపుచెవియే’ యని తెలుపు గుర్తు దానిలోనే కలదు. అది లేక ఇంజను ప్రారంభము కాదు.

కడుగుటకు ట్రాక్టరు బ్యాటరీకిని, ఇన్వర్టరునకును పోయు డిస్టిల్డ్ వాటరు మంచిది. ఇది ప్రతి ఊరి దుకాణమునను దొరకును. మూత తీయని క్రొత్త సీసా కావలెను. బ్యాటరీలో పోయు ఆమ్లపు సీసాను పొరపాటున తీసికొనరాదు. బురద ఎక్కువగా నున్నయెడల మొదట ఆర్.ఓ. ప్లాంటు నీటితో కడిగి, తుదకు డిస్టిల్డ్ వాటరుతో కడుగవచ్చును. మెత్తని పాత పళ్ల బ్రష్షుతో, ఒత్తిడి లేకుండ, బిళ్ల కూర్చుండు రేకులను, మీటల అడుగుభాగమును రుద్దవలెను. తరువాత దొరికినచో ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మరియొకసారి తుడువవలెను. సెల్‌ఫోనులు బాగుచేయువారి యొద్ద ఇది ఉండును; నూటికి 99 పాళ్లు గలది శ్రేష్ఠము. ఇది సందులలోని నీటిని తనతో కలుపుకొని త్వరగా ఆవిరియైపోవును. త్వరగా అంటుకొను ద్రవము గనుక పొయ్యి దగ్గర గాని, బీడీ కాల్చుచు గాని దీనిని ముట్టరాదు. పెట్రోలు, కిరసనాయిలు, రంగులలో కలుపు థిన్నరు ప్లాస్టికును రబ్బరును చెరచును. చేతులకు రాచుకొను శానిటైజరులో గ్లిసరిను వంటివి కలియుటచే జిడ్డు మిగులును. ఇత్తడి చెంబు చిలుమునకు వలె చింతపండు పులుసు పెట్టుట గూడ కూడదు. పులుసు సందులలో మిగిలి మరల రాగిని తినును.

ఆరబెట్టుటను గూర్చి రైతునకు ఒకరు నేర్పవలసినది లేదు. తడిసిన ధాన్యమును కుప్పగా నుంచి ఆరబెట్టువాడు లేడు. పలుచగా పరచి, త్రిప్పుచు, గాలి తగులనిచ్చును. మండుటెండలో తొందరగా ఆరిన గింజ మరలో నూకయగునని గూడ ఆయన యెరుగును. ఈ చిన్న వస్తువులకును అదియే న్యాయము. విప్పిన భాగములను తెల్లని నూలుగుడ్డమీద విడివిడిగా పరచి, నీడలో, ఫ్యాను గాలి క్రింద ఒక దినము ఉంచవలెను. ముసురు దినములలో రెండు దినములు కావలెను. మేడమీది ఎండలో పెట్టుట, పొయ్యిగట్టున పెట్టుట, జుట్టు ఆరబెట్టు యంత్రపు వేడిగాలి కొట్టించుట తగవు. వేడికి ప్లాస్టికు వంగును, జిగురులు వదలును. గట్టిగా ఊదిన గాలి నీటిని బయటకు తీయుటకు మారుగా లోపలి సందులకు నెట్టును.

బియ్యపు డబ్బా మాట ఇంతవరకు ఎత్తకపోవుటకు కారణము కలదు. తడిసిన ఫోనును బియ్యములో పాతిపెట్టవలెనను నమ్మకము దేశమంతటను, దేశాంతరములందును గూడ వ్యాపించియున్నది. ధాన్యము కొనుగోలు కేంద్రమునకు పోయిన ప్రతి రైతును 17 శాతము తేమ అను మాటను ఎరుగును. యంత్రములో ఆ అంకె దాటినచో ఎంత పేచీయో చెప్పనక్కరలేదు. మరపట్టిన బియ్యములో సైతము 14 శాతము తేమ వరకు ప్రభుత్వ కొనుగోలు నిబంధనలు సమ్మతించుచున్నవి. అనగా నూరు కిలోల బియ్యములో 14 కిలోల నీరు ముందే కలదు. అట్టి బియ్యము, మూసియున్న పెట్టె లోపలి నీటిబొట్టును గోడ దాటి వచ్చి త్రాగునని నమ్ముట యెట్లు? అంతియే గాక తవుడు, పిండి, నూకలు ఛార్జింగు రంధ్రములో దూరును. ఐఫోను తయారుచేయు ఆపిల్ సంస్థవారు తమ సూచనలలో ఫోనును బియ్యపు సంచిలో ఉంచవద్దనియే వ్రాసియున్నారు. వీటన్నిటికంటె పెద్ద నష్టము వేరొకటి. ఫోను బియ్యములో నున్న ఆ మూడు దినములు ఇంటివారు ఏదో చికిత్స జరుగుచున్నదని నిశ్చింతగా నుందురు. లోపల బ్యాటరీ అట్లే యుండును, లవణమును అట్లే యుండును, రాగి కరగుచునే యుండును. బియ్యములో పెట్టగా బ్రతికినదని చెప్పువారి వస్తువు, ఒట్టి గాలిలో ఉంచినను బ్రతికెడిదే యని నా అభిప్రాయము. మందు సీసాలలోను చెప్పుల పెట్టెలలోను వచ్చు సిలికా జెల్ పొట్లములు బియ్యము కంటె ఎంతో మేలు. కాని నెలల తరబడి బయట పడియున్న పొట్లము ముందే తేమ త్రాగి తృప్తిగా నుండును. ఫ్యాను గాలి దొరకినచో వానితో పనిలేదు.

ఆరిన పిమ్మట క్రొత్త బిళ్లను సరియైన వైపునకు వేసి, పెట్టె మూసి, బండి దగ్గరనే మీటను ఒక్కసారి నొక్కి చూడవలెను. పలుకకున్నచో బిళ్ల తగులు రేకులు నల్లబారియున్నవేమో చూచి, పిల్లలు పెన్సిలు వ్రాత తుడుచు రబ్బరుతో రుద్దవచ్చును. అప్పటికిని పలుకకున్నను బండి నడువదని నిరాశ చెందరాదు. తలుపులను తెరచు మీటల పని వేరు, ఇంజనుకు గుర్తు తెలుపు పని వేరు. ఆ గుర్తు చెప్పు ముక్కకు సాధారణముగా బ్యాటరీ అక్కరలేదు. బండిలోని తీగచుట్ట నుండియే అది శక్తిని పొందును. కావున ఇనుప తాళపుచెవితో తలుపు తెరచి, మామూలుగా త్రిప్పినచో ఇంజను ప్రారంభము కావచ్చును. మీట నొక్కి ప్రారంభించు కార్లలో తాళపుచెవిని ఆ మీటకు తాకించియో, బండి పుస్తకములో చూపిన మరియొక చోట ఉంచియో ప్రారంభించు ఏర్పాటు తరచుగా ఉండును. పుస్తకములో ఆ పుట ఎక్కడ నున్నదో నేడే చూచుకొనుడు. బండితోపాటు ఇచ్చిన రెండవ తాళపుచెవిని ఇంటిలో పొడిచోట భద్రపరచుడు. అది ఇదివరకే పోయియుండినచో, ఉన్నది బాగుగా నుండగనే రెండవది చేయించుకొనుట ఉత్తమము.

సెల్‌ఫోను సంగతి కొంత వేరు. పూర్వపు ఫోనులలో వెనుక మూత తీసి బ్యాటరీని చేతితో తీయుటకు వీలుండెను. ఇప్పటి వానిలో బ్యాటరీ లోపల జిగురుతో అంటింపబడి యుండును. దానిని ఇంటియందు విప్పబోవువారు తెరను పగులగొట్టుకొనుచున్నారు. నీటినుండి తీసిన తక్షణమే ఫోనును ఆపివేయుడు. ఆగియుండినచో వెలిగించి చూడకుడు. ఎట్టి పరిస్థితియందును ఛార్జరు పెట్టకుడు. తొడుగు తీసి, తుడిచి, ఛార్జింగు రంధ్రము క్రిందికి వచ్చునట్లు పట్టుకొని అరచేతిమీద మెల్లగా తట్టుడు. సిమ్ముకార్డును, మెమొరీకార్డును బయటకు తీయుడు. సిమ్ము గట్టి వస్తువు. దాని రేకులు బంగారు పూత గలవి. దానిని పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అదే దినమున ఇంటిలోని మరియొక ఫోనులో వేసినచో మీ నంబరు వెంటనే పనిచేయును. బ్యాంకు సందేశములును, ఓ.టి.పి. లును వచ్చును. ఫోను పోయినను పని ఆగకుండుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. ఆశ్చర్యమేమనగా తడిసిన ఫోనును చూచి దిగులుపడువారిలో ఎక్కువమందికి సిమ్ము సంగతి తోచుట లేదు.

తరువాత ఫోనును ఆ దినమే నమ్మకమైన బాగుచేయువాని యొద్దకు తీసికొనిపోయి, ‘వెలిగించి చూడవద్దు, ముందు విప్పి బ్యాటరీ తీగ ఊడదీసి, పలకను కడుగుము’ అని చెప్పుడు. ఏ నీటిలో పడినదో దాచక చెప్పవలెను. ఫోనులలో సిమ్ము రంధ్రము మొదలగు చోట్ల తెల్లని చిన్న కాగితపు గురుతు ఉండును. నీరు తగిలినచో అది ఎరుపెక్కును. సాధారణముగా గ్యారంటీ నీటివలన కలిగిన చెరుపునకు వర్తింపదు. ఐ.పి. 67 అని వ్రాసిన ఫోను ఒక మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషములు తట్టుకొనునట్లు పరీక్షింపబడినది. ఆ పరీక్ష క్రొత్త ఫోనునకు, నిశ్చలమైన నీటిలో జరిగినది. రెండేండ్లు వాడి, రెండుమార్లు జారవిడిచిన ఫోను లోపలి రబ్బరు పట్టీలు అట్లే యుండునని ఎవరును పూచీపడరు.

ఫోను వెనుకభాగము ఉబ్బినట్లు కనుపడినను, తీపివాసన వంటి వింతవాసన వచ్చినను, వేడెక్కినను, అది లిథియము బ్యాటరీ చెడిన గురుతు. అట్టిదానిని పొడువరాదు, నొక్కరాదు, ఛార్జింగు పెట్టరాదు. గడ్డివాములకు, పక్కలకు దూరముగా బయట ఉంచి, బాగుచేయువానికి తెలుపవలెను. అది మండినచో ఆర్పుట కష్టము.

నేనింతవరకు చెప్పినదంతయు చేతిలో ఇముడు, బ్యాటరీతో నడచు వస్తువులకే. బోరు దగ్గరి స్టార్టరు పెట్టెకు దీనిలో ఒక్క మాటయు వర్తింపదు. అచ్చట వచ్చునది మూడు ఫేజుల 415 వోల్టుల విద్యుత్తు. పెట్టె తడిసినను, వరదలో మునిగినను దానిని ముట్టరాదు, తడినేలమీద నిలిచి మూత తీయరాదు. సెల్‌ఫోనుతో మోటారును నడుపు పరికరము ఆ పెట్టెలో బిగించియున్నను అంతే. విద్యుచ్ఛాఖ సిబ్బందికి తెలిపి సరఫరా ఆపించిన పిమ్మటనే పనితెలిసిన ఎలక్ట్రీషియను దానిని విప్పవలెను. తాళపుచెవిని బాగుచేసిన ధైర్యముతో స్టార్టరు జోలికి పోవువారు ఉండకూడదనియే దీనిని ప్రత్యేకముగా వ్రాసితిని.

సంఘ కార్యాలయములలో ఎరువుల అమ్మకమునకు వాడు వేలిముద్రల పి.ఓ.ఎస్. యంత్రము తడిసినచో కార్యదర్శి దానిని ఆపి, ఛార్జరు తీసి, తుడిచి ఆరబెట్టి, సరఫరా చేసినవారికి తెలుపవలెను, విప్పరాదు. ఎలక్ట్రానిక్ కాటా విషయమును అంతే. అది తరువాత వెలిగినను, ముద్రవేసిన తూకపు రాళ్లతో సరిచూచిన పిమ్మటనే సభ్యుల ధాన్యమును తూచవలెను. తడిసిన కాటా వెలుగుచునే తప్పు తూకము చూపవచ్చును. ఆ నష్టము ఎవరికో ఒకరికి తగులును.

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు విజయవాడ సింగునగరును, మున్నేరు ఖమ్మమున ఏటియొడ్డు పేటలను ముంచినప్పుడు వేలకొలది ఇండ్లలో ఇట్టి వస్తువులు దినముల తరబడి బురదనీటిలో నానినవి. అన్ని దినములు నానినదానిమీద ఆశ తక్కువయే. ఐనను ఫోనులోని పొలము కాగితముల ఫొటోలు, లెక్కలు కావలసియుండినచో పారవేయకుండ పనివానికి చూపవచ్చును. బ్యాటరీ మార్చి, పలక కడిగి, ఒక్కమారు వెలిగించి వానిని తీసికొనుట కొన్నిటిలో సాధ్యపడును. వరదనీటిలో మురుగు కలిసియుండును గనుక ఆ వస్తువులను ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. ముఖ్యమైన ఫోను నంబరులను, ఖాతా నంబరులను ఒక కాగితపు పుస్తకములో వ్రాసి పెట్టెలో ఉంచు అలవాటు మన పెద్దలలో నుండెడిది. దానిని మానిన ఇండ్లలో ఒక పలక చెడగనే కూతురి నంబరు సైతము తెలియక పోవుచున్నది.

బాగుపడిన తాళపుచెవిని పది పదునైదు దినముల తరువాత మరల ఒకసారి విప్పి చూడవలెను. మొదటిమారు కడుగులో సందున మిగిలిన లవణము ఆ పాటికి పచ్చగానో తెల్లగానో బయటపడును. కనుపడినచో బిళ్ల తీసి, ఆ చోటును మాత్రము ఆల్కహాలులో ముంచిన బ్రష్షుతో రుద్ది, ఒక పూట ఆరనిచ్చి మూసివేయవలెను. పైన రబ్బరు తొడుగు వేయువారు వాన తగిలిన ప్రతిసారి ఆ తొడుగును తీసి తుడువవలయును. నీరు దాని అడుగున చేరి, తాళపుచెవి జేబులో పొడిగనే యున్నట్లు తోచుచు, పెట్టె అతుకుల గుండ లోనికి దిగుచుండును.